సర్వీసు రెండు గంటలకు మాయమవుతోంది, సిస్టమ్‌డీకి మారాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. అపార్ట్‌మెంట్లకు ఇచ్చే మీ రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్ల కోసం చేసిన చిన్న లినక్స్) నడుస్తోంది. 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్. రౌటర్ బాగోగులు క్లౌడ్‌కి చెప్పే ఏజెంట్ ఒకటి సీ భాషలో రాశారు. బూట్ అయిన సుమారు రెండు గంటలకు అది కనబడకుండా పోతోంది, లాగ్‌లో ఏమీ ఉండటం లేదు. నిమిషానికోసారి చూసి లేపేలా క్రాన్‌లో (టైమ్ ప్రకారం కమాండ్లు నడిపే సర్వీసు) ఒక లైను పెడితే, ఇప్పుడు ఒక్కోసారి రెండు కాపీలు నడుస్తున్నాయి. కరెంటు పోయి వచ్చాక "సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదు" అంటూ కనెక్షన్ ఆగిపోతోంది. దానికోసం ఆర్‌సీ డాట్ లోకల్‌లో (బూట్ చివర్లో నడిచే సొంత కమాండ్ల ఫైల్) స్లీప్ 60, అంటే అరవై సెకన్లు ఆగమనే కమాండ్, పెట్టారు. మీ లీడ్ ఇదంతా చూసి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో సర్వీసులను నడిపే ప్రోక్‌డీని వదిలి, పెద్ద లినక్స్‌లలో అదే పని చేసే సిస్టమ్‌డీకి మారిపోదాం అంటున్నారు.

మారకండి. మీకున్న నాలుగు ఇబ్బందుల్లో ఏదీ ప్రోక్‌డీ వల్ల వచ్చింది కాదు. మీ ఏజెంట్ గురించి ప్రోక్‌డీకి సరైన సమాచారం అందడం లేదు, అంతే. పద్దెనిమిదేళ్లుగా బెంగళూరులో ఇదే పని చేస్తున్నాను. ఇలాంటి కేసుల్లో నేను మొదట చూసేది ఒక్కటే: ఈ ప్రాసెస్‌ని పుట్టించింది ఎవరు, చచ్చిపోతే తెలిసేది ఎవరికి? ఆ రెంటికీ ఒకే జవాబు ఉంటే సగం జబ్బులు రావు. కమాండ్లను మనం ఫోన్లో చెప్పుకునేటట్టే రాస్తున్నాను, టైపు చేసేటప్పుడు అండర్‌స్కోర్లు, స్లాష్‌లు మీరు పెట్టుకోండి.

ముందు ఆ రెండు గంటల లెక్క తేలుద్దాం. మీ ఇనిట్ స్క్రిప్ట్‌లో (సర్వీసును ఎలా నడపాలో చెప్పే ఫైల్) రీస్పాన్, అంటే పడిపోతే మళ్లీ లేపు, అని ఉంది, దాని పక్కన అంకెలేమీ లేవని రాశారు. అప్పుడు ప్రోక్‌డీ తీసుకునే డిఫాల్ట్‌లు 3600, 5, 5. చాలామంది మొదటి అంకెను గంటకోసారి రీస్టార్ట్ చేస్తుంది కాబోలు అనుకుంటారు. దాని అర్థం వేరు. ప్రాసెస్ పడిపోయినప్పుడు, అది 3600 సెకన్లకంటే తక్కువసేపు బతికి ఉంటే ప్రోక్‌డీ దాన్ని ఒక క్రాష్‌గా లెక్క వేసుకుంటుంది. ఆ సమయం దాటి బతికితే లెక్కను మళ్లీ సున్నా చేస్తుంది. రెండో అంకె, మళ్లీ లేపేముందు ఆగే సెకన్లు. మూడోది, ఎన్నిసార్లు ఓపిక పట్టాలి అన్నది. లెక్క అయిదు దాటగానే, అంటే ఆరో క్రాష్‌కి, ఇది క్రాష్ లూప్‌లో ఉంది అని ఒక లైను లాగ్‌లో రాసి ఆ సర్వీసును వదిలేస్తుంది. మళ్లీ ఎవరైనా చేత్తో స్టార్ట్ చేసేదాకా దాని జోలికి వెళ్లదు.

ఇప్పుడు మీ సంగతి చూడండి. మీ ఏజెంట్ ఇరవై నిమిషాలకోసారి పడిపోతోంది అనుకుందాం. ఆరుసార్లు ఇరవై అంటే నూట ఇరవై నిమిషాలు. మధ్యలో అయిదుసార్లు అయిదేసి సెకన్ల ఆగుడు. మొత్తం రెండు గంటల ఇరవై అయిదు సెకన్లు. మీరు చెప్పిన రెండు గంటలు ఇక్కడినుంచే వచ్చి ఉండాలి. అంటే మీ సర్వీసు రెండు గంటలకు చావడం లేదు. ఇరవై నిమిషాలకోసారి చస్తోంది, ఆరో చావు మాత్రమే మీ కంటపడుతోంది.

లాగ్‌లో ఏమీ లేదన్నారు, దానికీ కారణముంది. మధ్యలో జరిగే ఒక్కో రీస్టార్ట్ గురించి ప్రోక్‌డీ మామూలుగా లాగ్‌లో ఏమీ రాయదు. ఏజెంట్ తాను చచ్చేముందు ఏదైనా రాసినా, మీ స్క్రిప్ట్‌లో ప్రోగ్రామ్ మాటలను లాగ్‌కు పంపే ఎస్‌టీడీఅవుట్ 1, ఎస్‌టీడీఎర్ 1 అనే రెండు పారామీటర్లు లేకపోతే ఆ మాటలు ఎక్కడికీ చేరవు. చేరినా, లాగ్ సర్వీసు అయిన లాగ్‌డీ ఉంచుకునేది ర్యామ్‌లో ఒక చిన్న రింగ్ బఫర్. వైఫై క్లయింట్లు వస్తూ పోతూ ఉండే ఫ్లాట్‌లో అది చకచకా నిండి పాత లైన్లు కొట్టుకుపోతాయి. సిస్టమ్ కాన్ఫిగ్‌లో లాగ్ సైజ్‌ను 512కి పెంచండి, లేదా లాగ్ ఐపీకి మీ ల్యాప్‌టాప్ అడ్రస్ ఇచ్చి అక్కడ సిస్‌లాగ్ పెట్టుకోండి. ఫ్లాష్ మీదకు మాత్రం లాగ్ రాయకండి. 16 ఎంబీ ఫ్లాష్‌లో మీకు రాసుకోవడానికి మిగిలే చోటు (ఓవర్‌లే) ఎంతో మీకే తెలుసు, పైగా దానికి అరుగుదల ఉంటుంది.

యూబస్ అంటే రౌటర్‌లోని ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి. ఇంకో టెర్మినల్‌లో యూబస్ సబ్‌స్క్రైబ్ సర్వీస్ అని వదిలేయండి. ఇన్‌స్టెన్స్ డాట్ రీస్పాన్, ఇన్‌స్టెన్స్ డాట్ ఫెయిల్ అనే ఈవెంట్లు జరిగినప్పుడల్లా అక్కడ కనబడతాయి. పక్కనే నిమిషానికోసారి ఏజెంట్ పిడ్ (ప్రాసెస్ నంబర్) తాలూకు ప్రాక్ స్టేటస్‌లో వీఎమ్ఆర్ఎస్ఎస్, అంటే అది వాడుతున్న ర్యామ్, ఎంత ఉందో రాసుకోండి. అది నిచ్చెన ఎక్కినట్టు పెరుగుతూ పోతుంటే మెమరీ లీక్. కెర్నెల్ అవుట్ ఆఫ్ మెమరీ అని చంపుతుంటే ఆ మాట కెర్నెల్ లాగ్‌లోనే ఉంటుంది. పెరగకుండానే పడిపోతుంటే సెగ్‌ఫాల్ట్ (తనది కాని మెమరీని ముట్టుకుని పడిపోవడం) కోసం వెతకాలి.

ఈ 3600 అంకె గురించి ఇంతగా చెప్పడానికి నా అనుభవం ఒకటి ఉంది. 2017 ప్రాంతంలో నేను చేస్తున్న ఒక చిన్న కంపెనీ రౌటర్లు వైట్‌ఫీల్డ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో పెట్టారు. పిల్లలున్న ఇళ్ల కోసం మేమే రాసిన డీఎన్ఎస్ ఫిల్టర్ (సైట్ల పేర్లను వడకట్టే ప్రోగ్రామ్) అందులో ఉండేది. అప్పుడప్పుడూ కొన్ని సెకన్లపాటు ఏ పేజీ తెరుచుకోవడం లేదని రెండు నెలలపాటు ఫిర్యాదులు. మా డ్యాష్‌బోర్డులో మాత్రం సర్వీసు పచ్చగానే కనబడేది, రన్నింగ్ అని. చివరికి లిఫ్ట్ పక్కన కేబుళ్లు వెళ్లే డక్ట్ దగ్గర, మెట్ల మీద కూర్చుని, ఎస్పీ రోడ్‌లో కొన్న యూఎస్‌బీ సీరియల్ కేబుల్ తగిలించి పొద్దున్నుంచి చూశాను. ఉదయం యూబస్ కాల్ సర్వీస్ లిస్ట్ ఇచ్చినప్పుడు పిడ్ 2114. మధ్యాహ్నం అదే కమాండ్ ఇస్తే 5873. రెండుసార్లూ రన్నింగ్ ట్రూ. రౌటర్ రీబూట్ కాలేదు, ఎవరూ రీస్టార్ట్ చేయలేదు. డెబ్బై నిమిషాలకోసారి ఫిల్టర్ పడిపోతోంది. డెబ్బై నిమిషాలంటే 4200 సెకన్లు, 3600 దాటింది. అందుకే ప్రతిసారీ లెక్క సున్నా అవుతోంది, ప్రోక్‌డీ అయిదు సెకన్లు ఆగి లేపుతోంది. ఇళ్లలో వాళ్లకు ఇబ్బంది కలిగించింది ఆ అయిదు సెకన్లే. రెండు నెలలు ఆ ఇళ్లవాళ్లు పడ్డ అవస్థ నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ రోజు నుంచి రన్నింగ్ అనే మాటను నేను నమ్మను. పిడ్ మారిందా లేదా, ఆ పిడ్ ఎప్పటి నుంచి బతికి ఉంది అన్నదే చూస్తాను. మీ డ్యాష్‌బోర్డులో కూడా అదే పెట్టండి.

ఇక రెండు కాపీల సంగతి. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు, రెండూ చూసుకోండి.

మొదటిది, ఏజెంట్ తనంతట తాను బ్యాక్‌గ్రౌండ్‌లోకి పోతుండటం. షెల్‌లో చేత్తో నడిపి చూడండి. వెంటనే ప్రాంప్ట్ తిరిగొచ్చేసిందంటే అది ఫోర్క్ చేసుకుని (తన కాపీ ఒకటి పుట్టించి తాను తప్పుకుని) డీమన్, అంటే బ్యాక్‌గ్రౌండ్ ప్రోగ్రామ్, అయిపోతోంది. పాత ఇనిట్ పద్ధతుల్లో అది మర్యాద, ప్రోక్‌డీ దగ్గర అది పెద్ద తప్పు. ప్రోక్‌డీ తాను పుట్టించిన ప్రాసెస్‌నే గమనిస్తుంది. అది ఫోర్క్ చేసి తప్పుకోగానే, ప్రోక్‌డీ దృష్టిలో సర్వీసు చచ్చిపోయింది. అయిదు సెకన్లు ఆగి ఇంకోటి పుట్టిస్తుంది. ఆ కొత్తది కూడా ఫోర్క్ చేస్తుంది. ఏదైనా పోర్టు పట్టుకునే ప్రోగ్రామ్ అయితే రెండోది పోర్టు దొరక్క పడిపోతుంది, కాకపోతే కాపీలు పోగవుతాయి. చివరికి క్రాష్ లూప్ అని ప్రోక్‌డీ వదిలేస్తుంది. విచిత్రమేమిటంటే ఆ సమయానికి మొదటి కాపీ హాయిగా నడుస్తూనే ఉంటుంది, యూబస్ మాత్రం రన్నింగ్ ఫాల్స్ అంటుంది, స్టాప్ ఇస్తే ఆగదు. పీఎస్ కమాండ్‌లో తల్లి ప్రాసెస్ ఎవరో చూసి తేల్చుకుందామంటే అదీ కుదరదు. ప్రోక్‌డీ నేరుగా పుట్టించినదానికీ, తల్లిని పోగొట్టుకున్నదానికీ రెంటికీ తల్లి పిడ్ 1 అనే కనబడుతుంది, ఎందుకంటే పిడ్ 1 ప్రోక్‌డీయే. యూబస్ చెప్పే పిడ్‌నీ, ఆ పేరుతో నడుస్తున్నవాటికి పిడాఫ్ కమాండ్ చెప్పే పిడ్‌లనీ పక్కపక్కన పెట్టి చూడటమే దారి. చాలా ప్రోగ్రాముల్లో ఫోర్‌గ్రౌండ్‌లో నడిపే ఆప్షన్ ఉంటుంది. మీది మీరు రాసిందే కాబట్టి ఆ డీమన్ కాల్ తీసేయండి, పని అయిపోతుంది.

రెండోది మీ క్రాన్ లైను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అయింది. ఏజెంట్ పడిపోయాక ప్రోక్‌డీ ఆగే ఆ అయిదు సెకన్లలోనే నిమిషం మారిందనుకోండి, క్రాన్ ఒకటి లేపుతుంది, ఆ వెంటనే ప్రోక్‌డీ ఇంకోటి లేపుతుంది. ప్రోక్‌డీ వదిలేశాక క్రాన్ లేపిన కాపీ ఎవరి లెక్కలోనూ ఉండదు. కాన్ఫిగ్ మారిస్తే దానికి తెలియదు, స్టాప్ ఇస్తే వినదు, మీ సపోర్ట్ వాళ్లు రీస్టార్ట్ కొడితే దాని పక్కన కొత్తది పుడుతుంది. ఒకే క్లయింట్ ఐడీతో రెండు కాపీలు క్లౌడ్‌కి కనెక్ట్ అయితే అక్కడ మెసేజ్‌లు అందుకునే ఎంక్యూటీటీ బ్రోకర్ పాతదాన్ని తెంపేస్తుంది, అది మళ్లీ కనెక్ట్ అయి కొత్తదాన్ని తెంపుతుంది, అలా ఒకదాన్నొకటి తోసుకుంటూనే ఉంటాయి. ఆ లైను ఈ రోజే తీసేయండి. ఏజెంట్ ఎప్పటికీ లేస్తూనే ఉండాలనుకుంటే ప్రోక్‌డీకే చెప్పండి: రీస్పాన్ 3600, 30, 0. చివరి సున్నా అంటే ఎప్పటికీ వదలొద్దని. అయిదు బదులు ముప్పై ఎందుకంటే, ఫ్లాష్‌లో కాన్ఫిగ్ పాడై లేవగానే పడిపోయే పరిస్థితి వస్తే, అయిదు సెకన్లకోసారి లేపడంలోనే ఆ చిన్న సీపీయూ అలసిపోతుంది. కానీ రిమోట్‌గా ఆ పెట్టెను చేరుకోవడానికి అదొక్కటే దారి అయిన సర్వీసుకే నేను సున్నా పెడతాను. మిగతావాటిని ప్రోక్‌డీ వదిలేయడమే మంచిది, తప్పు బయటపడుతుంది.

కరెంటు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే బెంగళూరులో వేసవి వానలు మొదలయ్యాక ఫీల్డ్ ఫిర్యాదుల్లో చాలావరకు ఇవే.

రౌటర్‌లో సాధారణంగా గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు వచ్చాక దానికి టైమ్ ఎంతో తెలియదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో సిస్‌ఫిక్స్‌టైమ్ అనే స్క్రిప్ట్ అన్నిటికంటే ముందు, స్టార్ట్ 00తో నడిచి, ఈటీసీ ఫోల్డర్‌లోని ఫైళ్లలో అన్నిటికంటే కొత్తదాని తేదీని టైమ్‌గా పెడుతుంది. అంటే ఆ ఇంట్లోవాళ్లు వైఫై పాస్‌వర్డ్ మూడు నెలల కిందట మార్చి ఉంటే, రౌటర్‌కు ఈ రోజు మూడు నెలల కిందటి రోజే. మీ సర్వర్ సర్టిఫికెట్ పోయిన నెల రెన్యూ అయింది అనుకోండి, రౌటర్ దృష్టిలో అది భవిష్యత్తులోది. ఇంకా అమల్లోకి రాలేదు అన్న ఎర్రర్‌కు అర్థమదే. ఎర్రర్ నిజమే చెప్తోంది.

ఇప్పుడు మీ స్లీప్ 60 ఏం చేస్తోందో చూద్దాం. ఆర్‌సీ డాట్ డీ ఫోల్డర్‌లోని ఎస్ (స్టార్ట్) స్క్రిప్టులను ప్రోక్‌డీ నంబర్ల వరసలో, ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి నడుపుతుంది. ఆర్‌సీ డాట్ లోకల్‌ను నడిపేది డన్ అనే స్క్రిప్ట్, దాని నంబర్ 95. టైమ్ సరిచేసే సిస్‌ఎన్‌టీపీడీ నంబర్ 98. అంటే మీరు పెట్టిన అరవై సెకన్ల ఆగుడు, మీరు ఎదురుచూస్తున్న ఆ టైమ్ సర్వీసునే అరవై సెకన్లు ఆపేస్తోంది. ఎల్ఈడీ కూడా అంతసేపు బూట్ అవుతున్నట్టు మిణుకుతూనే ఉంటుంది, ఇంట్లోవాళ్లు టెన్షన్‌తో మళ్లీ స్విచ్ తీసి వేస్తారు. ఈ ముడి మొదటిసారి విప్పినప్పుడు నాకూ పూర్తిగా ఒక రోజు పట్టింది.

నంబర్లు పెంచినా లాభం లేదు. స్టార్ట్ 99 అంటే మిగతా స్క్రిప్టుల తర్వాత నడుస్తుందని మాత్రమే, ఇంటర్నెట్ వచ్చిందని కాదు. నెట్‌వర్క్ స్క్రిప్ట్ 20లో నడిచి, నెట్‌వర్క్ చూసుకునే నెట్‌ఐఎఫ్‌డీని లేపి తప్పుకుంటుంది. వ్యాన్‌కు (ఇంటర్నెట్ వైపు కనెక్షన్) అడ్రస్ ఆ తర్వాత ఎప్పుడో వస్తుంది. మా ఇంట్లోనే కరెంటు వచ్చాక రౌటర్ లేచి కూర్చున్న చాలాసేపటికి గాని ఫైబర్ బాక్స్‌లో పచ్చ లైటు నిలకడగా వెలగదు. ఆ తేడాను ఏ స్లీప్ అంకెతోనూ పట్టుకోలేం. సెకన్లు లెక్కపెట్టడం మానేసి సంఘటన కోసం ఆగాలి. సర్వీస్ ట్రిగ్గర్స్ అనే ఫంక్షన్‌లో ఇంటర్‌ఫేస్ ట్రిగ్గర్ పెట్టి వ్యాన్ మారినప్పుడు మీ సర్వీసు రీలోడ్ అయ్యేలా చేయండి. టైమ్ కోసం ఈటీసీ హాట్‌ప్లగ్ డాట్ డీ కింద ఎన్‌టీపీ (నెట్ నుంచి టైమ్ తెచ్చుకునే పద్ధతి) ఫోల్డర్‌లో చిన్న స్క్రిప్ట్ పెట్టండి. టైమ్ కుదిరాక యాక్షన్ స్ట్రాటమ్ అని దానికి కబురు వస్తుంది, అప్పుడు ఏజెంట్‌కు చెప్పొచ్చు. వీటన్నిటితోపాటు ఏజెంట్‌లోనే, కనెక్ట్ కాకపోతే చచ్చిపోకుండా, కాస్త కాస్త గ్యాప్ పెంచుకుంటూ మళ్లీ ప్రయత్నించే ఓపిక ఉండాలి. నెట్ లేకపోవడం రౌటర్‌కు మామూలు పరిస్థితే, దానికి ఎగ్జిట్ అయిపోకూడదు. ఒక్కటి మాత్రం ప్రాధేయపడి చెప్తున్నాను, ఈ ఎర్రర్ పోవడానికి సర్టిఫికెట్ చెకింగ్ ఆపేయకండి. వందల ఇళ్లలోని పెట్టెలు ఎవరు పిలిచినా పలికేలా అయిపోతాయి.

స్క్రిప్ట్‌లో స్టార్ట్ నంబర్ మార్చినప్పుడు ఒకసారి ఎనేబుల్ మళ్లీ ఇవ్వాలి, లేకపోతే ఆర్‌సీ డాట్ డీ లో పాత నంబర్ సింలింకే (స్క్రిప్ట్‌కు దారి చూపే లింకు) ఉంటుంది. ఫ్యాక్టరీ ఇమేజ్‌లో ఒకసారే చేయాల్సిన పనులు యూసీఐ డిఫాల్ట్స్ అనే ఫోల్డర్‌లో పెట్టండి. అక్కడి స్క్రిప్ట్ సున్నాతో ఎగ్జిట్ అయితే తనంతట తాను తొలగిపోతుంది, వేరే అంకెతో ఎగ్జిట్ అయితే ప్రతి బూట్‌కూ మళ్లీ నడుస్తుంది.

కాన్ఫిగ్ మార్పుల గురించి కూడా ఒక మాట. మీ స్క్రిప్ట్‌లో రీలోడ్ అంటే స్టాప్, స్టార్ట్ అని రాసుకున్నారు. అది తీసేసి, ఫైల్ పారామీటర్‌లో మీ కాన్ఫిగ్ ఫైల్ పేరు ఇచ్చి, రీలోడ్ ట్రిగ్గర్ పెట్టండి. అప్పుడు లూసీలో (రౌటర్ సెట్టింగుల వెబ్ పేజీ) సేవ్ అండ్ అప్లై కొట్టినప్పుడు ప్రోక్‌డీ మీ సర్వీసు పాత వివరాలనూ కొత్త వివరాలనూ పోల్చి చూసి, నిజంగా ఏదైనా మారితేనే రీస్టార్ట్ చేస్తుంది. స్టాప్ ఇచ్చినప్పుడు ముందు టర్మ్ సిగ్నల్ వెళ్తుంది, డిఫాల్ట్‌గా అయిదు సెకన్లలో పోకపోతే కిల్. మీ ఏజెంట్ ఆఖరి డేటా పంపి వెళ్లడానికి అంతకంటే ఎక్కువ పడుతుందంటే టర్మ్ టైమవుట్ పెంచండి.

వాచ్‌డాగ్ ఉంది కదా, అది చూసుకుంటుంది అని రాశారు. హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ అంటే తట్టడం ఆగితే బోర్డును రీసెట్ చేసే టైమర్. దాన్ని తట్టేది ప్రోక్‌డీ. మామూలుగా అయిదు సెకన్లకోసారి తడుతుంది, ముప్పై సెకన్లు తట్టకపోతే బోర్డు రీసెట్ అవుతుంది. కాబట్టి కెర్నెలో ప్రోక్‌డీయో బిగుసుకుపోతేనే అది పనికొస్తుంది. మీ ఏజెంట్ ఏదో లాక్ దగ్గర ఇరుక్కుని రోజంతా నిలబడిపోయినా వాచ్‌డాగ్‌కు సంబంధం లేదు. దానికి నేను చేసేది చాలా సింపుల్. సర్వర్ నుంచి ఆఖరిసారి జవాబు వచ్చిన సమయాన్ని ఏజెంట్‌లో ఒక వేరే థ్రెడ్ చూస్తుంటుంది. వ్యాన్ బాగానే ఉండి పదిహేను నిమిషాలు జవాబు లేకపోతే కారణం లాగ్‌లో రాసి ఎగ్జిట్ అవుతుంది. మిగతాది ప్రోక్‌డీ చూసుకుంటుంది.

మీ లీడ్‌కి చెప్పడానికి: సిస్టమ్‌డీ మంచిదే. సీగ్రూప్స్‌తో (ప్రాసెస్‌లను గుంపుగా పట్టి ఉంచే కెర్నెల్ సదుపాయం) ఫోర్క్ అయిన ప్రాసెస్‌లను కూడా పట్టుకుంటుంది, నేను రెడీ అని సర్వీసు చెప్పే పద్ధతి ఉంది. ఆర్‌డీకే-బీ లాంటి పెద్ద గేట్‌వే సాఫ్ట్‌వేర్‌లో వాడుతున్నారు, అక్కడ ఫ్లాష్, ర్యామ్ దండిగా ఉంటాయి. మీ 16 ఎంబీలో కెర్నెల్, వైఫై ఫర్మ్‌వేర్, లూసీ పోగా దానికి చోటెక్కడిది? పైగా ప్రోక్‌డీ ఒక్క ఇనిట్ మాత్రమే కాదు. 2014లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రిలీజ్ బారియర్ బ్రేకర్ 14.07తో వచ్చినప్పటి నుంచి హాట్‌ప్లగ్ (పరికరాలు, కనెక్షన్లు మారినప్పుడు చేయాల్సిన పనులు), వాచ్‌డాగ్ కూడా అదే చూస్తోంది, ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ కూడా దాని చేతుల మీదుగానే జరుగుతుంది. దాన్ని పీకేస్తే ప్రతి కొత్త రిలీజ్‌కూ ఆ అతుకులన్నీ మీరే వేసుకోవాలి. ఇంతా చేశాక, గడియారం తప్పుగా ఉండటం, ఇరవై నిమిషాలకోసారి ఏజెంట్ పడిపోవడం అక్కడా అలాగే ఉంటాయి. ప్రోక్‌డీ సోర్స్‌లో ప్యాచ్‌లు వేసుకోవడం కూడా నేను వద్దంటాను, మీ మార్పులు మీ ఇనిట్ స్క్రిప్ట్ దాటకూడదు.

రిలీజ్ ఇచ్చేముందు నేను చేసే పరీక్షలు ఇవి. ఏజెంట్‌ను కిల్ మైనస్ 9తో వరసగా ఆరుసార్లు చంపి, మనం అనుకున్నట్టే ప్రవర్తిస్తోందా అని చూస్తాను. తేదీని ఏడాది వెనక్కి పెట్టి, వ్యాన్ కేబుల్ పీకి బూట్ చేసి, పది నిమిషాల తర్వాత కేబుల్ పెడతాను. ఒక రిలే బోర్డుతో రాత్రంతా కరెంటు తీసి వేస్తూ, పొద్దున్నే యూబస్ పిడ్‌నూ పిడాఫ్‌నూ పోలుస్తాను. రెండు అంకెలు వస్తే ఆ రిలీజ్ ఆగినట్టే.

ముందుగా క్రాన్ లైను, స్లీప్ 60 రెండూ తీసేసి, ఎస్‌టీడీఎర్ 1 పెట్టి ఒక్క పెట్టెను మూడు గంటలు నడపండి. యూబస్ సబ్‌స్క్రైబ్‌లో వచ్చిన లైన్లు, ఒక్కో రీస్పాన్‌కు ముందు ఏజెంట్ రాసిన ఆఖరి పది లైన్లు, వీఎమ్ఆర్ఎస్ఎస్ అంకెలు ఇక్కడ పెట్టండి. ఇరవై నిమిషాల లెక్క సరిపోయిందో లేదో చూసి, లీక్ ఎక్కడుందో కలిసి వెతుకుదాం.